పేరు, ఊరు, హాబీ, పని: కాలేజీలో కొత్త విద్యార్థి పరిచయం

డిగ్రీ మొదటి ఏడాది క్లాసులు మొదలైన వారంలో ప్రతి విద్యార్థీ లేచి నిలబడి తన గురించి నాలుగు మాటలు చెప్పాల్సి ఉంటుంది. విజయవాడ కాలేజీల్లో దీనికి ఒక వరుస ఉంది. పేరు, ఊరు, ఇంటర్ ఎక్కడ చదివిందీ, ఎన్ని మార్కులొచ్చిందీ. ఆ తర్వాత లెక్చరర్ హాబీలేమిటని అడుగుతారు. ఎక్కువ మంది "క్రికెట్, పాటలు వినడం" అనేసి కూర్చుంటారు. చదువుకుంటూ ఏదో ఒక పని చేసుకునేవాళ్లు మాత్రం ఆ సంగతే ఎత్తరు. మార్కులు ఎలాగూ రికార్డుల్లో ఉంటాయి. కుర్రాడు ఎలాంటివాడో తెలిసేది అతని ఇష్టాన్ని బట్టి, చేసే పనిని బట్టి.

ఈ పరిచయానికి కృష్ణా డెల్టాలో ప్రత్యేకమైన అవసరం ఉంది. 1937లో పెట్టిన ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల, 1953 నాటి ఆంధ్ర లయోలా, 1975లో వచ్చిన పి.బి. సిద్ధార్థ లాంటి కాలేజీలకు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు, తెనాలి వైపు నుంచి బస్ పాస్‌తోనో రైలు సీజన్ టికెట్‌తోనో పొద్దున్నే బయల్దేరతారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ ఒకరి ఊరు ఒకరు చూసి ఉండరు.

ఇష్టమూ, సంపాదనా రెండూ చదువుతో పాటు నడిపిన విద్యార్థి అంటే కృష్ణా జిల్లాలో ముందుగా చెప్పుకోవాల్సింది నందమూరి తారక రామారావు గురించి. 1923లో నిమ్మకూరులో పుట్టిన ఆయన విజయవాడ మునిసిపల్ హైస్కూల్లో చదివి ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చేరారు. అప్పుడు అక్కడ తెలుగు శాఖ విశ్వనాథ సత్యనారాయణ గారిది. ఒక నాటకంలో ఆడ వేషం వేయమంటే రామారావు వేస్తాను గానీ మీసాలు తీయనని మొండికేశారు. మీసాలతోనే నటించారు. దాంతో 'మీసాల నాగమ్మ' అన్న పేరు వచ్చింది. ఆయన చక్కగా బొమ్మలు కూడా వేసేవారు. చదువుకునే రోజుల్లోనే కుటుంబం ఆస్తి పోవడంతో పాల వ్యాపారం చేశారు, కిరాణా కొట్టు పెట్టారు, ఒక ప్రెస్ కూడా నడిపారు. పరీక్షలు తప్పినా చదువు మానలేదు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చేరి 1947లో డిగ్రీ పూర్తి చేశారు. అక్కడ చదువుతూనే జగ్గయ్య, ముక్కామల వంటివారితో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ పేరుతో నాటకాలు వేశారు. సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే మూడు వారాల్లో వదిలేశారు. 1949లో 'మన దేశం'తో తెరమీదికి వచ్చారు. కాలేజీ నాటకమే ఆయన బతుకుతెరువు అయింది.

ఇప్పటి పిల్లలకు హాబీ చెప్పడం కష్టమవుతున్నదంటే తప్పు వాళ్లది కాదు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌తో గడిపినవాడికి బొమ్మ గీసే తీరిక ఎక్కడిది? డిగ్రీ మొదటి ఏడాదిలో ఆ తీరిక మళ్లీ దొరుకుతుంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు ఉన్నాయి, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకాలు ఆడతారు, కాలేజీలోనే జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ఉంటుంది. 1969లో మొదలైన ఆ పథకంలో చేరితే ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. ఇక ఆటల సంగతికొస్తే, ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ టైటిల్‌ను 2019లో, 2024లో గెలిచిన కోనేరు హంపి గుడివాడలో పుట్టినవారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖ విజయవాడ అమ్మాయే. అందరూ అంత దూరం వెళ్లనక్కర్లేదు. "చెస్ ఆడతాను" అనే బదులు ఎవరితో ఆడతాడో, ఎప్పుడు నేర్చుకున్నాడో చెబితే చాలు, వెనక బెంచీలో ఇంకో చెస్ ఆటగాడు తల ఎత్తుతాడు.

పని సంగతికొస్తే, విజయవాడలో కాలేజీ కుర్రాళ్లకు తేలిగ్గా దొరికేది క్యాటరింగ్. సాయంత్రం క్లాసులు అయ్యాక కల్యాణ మండపానికి వెళ్లి వాళ్లిచ్చిన యూనిఫాం వేసుకుంటారు. బల్లల మీద పేపర్ పరిచి, ఆకులు వేసి, మంచినీళ్ల సీసాలు సర్దుతారు. ఒక్కొక్కరికి ఒక్కో ఐటం అప్పజెబుతారు. ముందు స్వీటు, పులిహోర, తర్వాత కూరలు, పప్పు, అన్నం, నెయ్యి, సాంబారు, చివరికి పెరుగు. ఒక బంతి లేస్తుండగానే ఇంకో బంతికి ఆకులు పడాలి. సాంబారు బకెట్ పట్టుకున్నవాడు వెనకబడితే వరుసంతా ఆగిపోతుంది. చివరి బంతి లేచాకే వాళ్లు తింటారు, డబ్బు ఆ రాత్రే చేతికి వస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో చేతినిండా పని. ఆషాఢంలోనూ, మూఢంలోనూ ఖాళీ. మిగిలినవాళ్లు మందుల షాపుల్లో, బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో పని చేస్తారు, ట్యూషన్లు చెబుతారు. బైక్ మీద ఫుడ్ డెలివరీకి మాత్రం 18 ఏళ్లు నిండి, లైసెన్స్ ఉండాలి.

ఈ పని చెప్పుకోవడానికి సిగ్గు ఎందుకు? అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లకు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనికి అనుమతి ఉంది. అక్కడ తమ పిల్లవాడు క్యాంటీన్‌లో పని చేసి ఖర్చులు గడుపుకుంటున్నాడని డెల్టాలో తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకుంటారు. పటమటలో వడ్డన చేసే కుర్రాడికీ ఆ గర్వం దక్కాలి.

మంచి పరిచయానికి అర నిమిషం చాలు. "మాది మొవ్వ. బీకాం. ఇంటర్ తెలుగు మీడియం. మా తాతయ్య దగ్గర మృదంగం నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మందుల షాపులో పని చేస్తాను." ఇందులో గొప్ప ఇంగ్లీషు లేదు, అవసరమూ లేదు. తెలుగులో తడబడకుండా చెప్పడం ముక్కలు ముక్కలుగా వచ్చే ఇంగ్లీషు కంటే మేలు.

ఈ మాటలు చెప్పడానికి తగిన చోటు తరగతి గది. ఇంజనీరింగ్ కాలేజీల్లో మూడు వారాల పరిచయ కార్యక్రమం ఉండాలని ఏఐసీటీఈ 2017లో చెప్పింది. 'దీక్షారంభ్' పేరుతో యూజీసీ 2019లో అన్ని కాలేజీలకూ ఒక పద్ధతి ఇచ్చింది. హాస్టల్ గదిలో సీనియర్లు చుట్టూ చేరి "ఇంట్రో ఇవ్వు" అని నిలబెట్టడం వేరు. దాన్ని ఆపడానికి 1997 నుంచి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఫిర్యాదుకు యూజీసీ నంబరు 1800-180-5522.

లెక్చరర్లకు ఒక మనవి. ఎవరు ఏ వేళల్లో పని చేస్తున్నారో మొదటి వారంలోనే అడిగి రాసుకోండి. అటెండెన్స్ 75 శాతానికి తగ్గాక పిలిచి మందలించే బదులు, పెళ్లిళ్ల నెలల్లో ఆ కుర్రాడు ఎందుకు ఆలస్యంగా వస్తున్నాడో ముందే తెలుస్తుంది.