కరెంటు పోతే వినపడ్డ మాట

సినిమా మొదటి రెండు నిమిషాల్లో పిల్లగాడు ఎవరు, పిల్ల ఎవరు, ఇద్దరి మధ్య అడ్డం ఏముంది, ఈ మూడూ తెలియాలి. తెలిసేలోపు ఒక్కసారైనా నవ్వు రావాలి. ప్రేమకథ, అందులోనూ నవ్వించే ప్రేమకథ అయితే లెక్క ఇదేనట. ఈ లెక్క నాకు చెప్పింది మన సోలాపూర్ పేటల్లోనే పుట్టి, కాలేజీలో పేపరు పని, సినిమా పని చదువుకుంటున్న నలుగురు పిల్లలు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. నలుగురి ఇళ్ళల్లోనూ తాతలు మిల్లులోనో సాంచాల మీదో పనిచేసినవాళ్ళే. నానమ్మలు, అమ్మమ్మలు బీడీలు చుట్టినవాళ్ళే. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

వాళ్ళ సర్ పూర్తి సినిమా తీయమనలేదు. మొదలు మాత్రం తీయమన్నారు. తీసినాక అందరూ కూర్చుని, ఏం అనుకున్నాం, ఏం అయింది, ఎందుకు అట్లా అయింది అని మాట్లాడుకుని రాసి ఇమ్మన్నారు. ఆ మాట్లాడుకోవడం మా ఇంటి అరుగు మీద జరిగింది. నేను చాయ్ ఇప్పిస్తూ విన్నాను, అడిగినప్పుడు చెప్పాను. మన పత్రిక చదివే ఇళ్ళకు పనికొచ్చే సంగతులు అందులో చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

తీయడానికి ముందు వాళ్ళు కొన్ని సినిమాల మొదళ్ళు చూశారు. సర్ చెప్పినవి కొన్ని, నేను చెప్పింది ఒకటి. నేను చెప్పింది మిస్సమ్మ. 1955లో ఎల్.వి. ప్రసాద్ గారు తీసిన సినిమా. ఉద్యోగం కోసం పెళ్ళికాని ఇద్దరు మొగుడూ పెళ్ళాలమని అబద్ధం ఆడతారు. అక్కడ అడ్డం వాళ్ళు చేతులారా తెచ్చుకున్నదే. 1987లో జంధ్యాల గారి అహ నా పెళ్ళంటలో అడ్డం పిల్ల తండ్రి పిసినారితనం. కోడిని వేలాడగట్టి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావును ఎవరు మరిచిపోతారు? 2016లో వచ్చిన పెళ్ళి చూపులులో అడ్రసు తప్పి వేరే ఇంటికి పెళ్ళిచూపులకు వస్తారు, పిల్లగాడూ పిల్లా ఒకే గదిలో ఇరుక్కుపోతారు. అదే సంవత్సరం మన జిల్లావాడు నాగరాజ్ మంజుళే తీసిన సైరాట్ క్రికెట్ ఆటతో మొదలవుతుంది. మైకులో చెప్పేవాడి మాటలకే జనం పడీపడీ నవ్వారు. అది చివరికి నవ్వే కథ కాదు, అది వేరే సంగతి.

ఇవన్నీ చూసి, మన పిల్లలు అడ్డం ఏం పెడదామా అని వారం ఆలోచించారట. నాయన, డబ్బు, కులం, అన్నీ వచ్చేసినవే. చివరికి కెమెరా పట్టే పోరడు అన్నాడు, "మన గల్లీలో ఎవ్వరూ ఎవ్వరికీ వినబడరు కదా, చప్పుడే అడ్డం పెడదాం" అని. నేను ఇన్ని సినిమాలు చూశాను, సాంచా చప్పుడు అడ్డమైన ప్రేమ ఇంతవరకు చూడలేదు.

కథ ఇది. కార్ఖానాలో టవల్ నేసే పిల్లగాడు. ఎదురింటి గడప మీద బీడీలు చుట్టే పిల్ల. ఇద్దరికీ మధ్య ఒక కిటికీ, పదహారు సాంచాలు. పిల్లగాడు రోజూ ఏదో చెబుతాడు, పిల్లకు వినపడదు, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏందీ?" అంటుంది. ఒకరోజు ధైర్యం చేసి గొంతు చించుకుని అరుస్తాడు, "నువ్వంటే నాకు పానం!" అని. సరిగ్గా ఆఖరి మాట ముందు కరెంటు పోతుంది. సాంచాలన్నీ ఆగిపోతాయి. గల్లీ మొత్తం నిశ్శబ్దం. అందులో "పానం!" అనే ఒక్క మాట ఖంగుమని మోగుతుంది. తలుపు చాటున ఉన్న పిల్ల నానమ్మ బయటికి వచ్చి, "ఎవలకు బిడ్డా, పానం బాగ లేదా?" అంటుంది. అంతే. రెండు నిమిషాల పది సెకండ్లు.

కాగితం మీద తేలిక. తీసేటప్పుడు నాలుగు దినాలు పట్టింది.

మొదటి చిక్కు చప్పుడుదే. ఫోన్ సాంచాల మధ్య పెట్టి రికార్డు చేస్తే మన సాంచా చప్పుడు రాలేదు, పిండిగిర్ని పాడైపోయినట్టు గరగర వచ్చింది. అంత చప్పుడు ఫోన్ మైకు పట్టలేదట. ఒక పోరడు ఫోన్‌లోనే చప్పుడు కొలిచేది పెట్టి చూస్తే 90 డెసిబెల్స్ దాటి చూపించింది. ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని ఉందని వాడే చదివి చెప్పాడు. "తాతా, మీరెన్నేండ్లు పనిచేశారు?" అన్నాడు. మిల్లులో 19 ఏళ్ళు, అది మూతపడ్డాక సాంచాల మీద 24 ఏళ్ళు. మేం ఎప్పుడూ 8 గంటల లెక్క చూసుకున్నవాళ్ళం కాదు. నా ఎడమ చెవి సగం పోయింది, మా వయసువాళ్ళలో చాలామందికి అంతే. వాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసుకుపోయి గోడ అవతల పెట్టారు. అక్కడినుంచి పట్టిన చప్పుడు అసలైనదిగా వచ్చింది. సినిమాలో వినపడేది అదే.

రెండో చిక్కు టవల్. సాంచా నడుస్తుంటే బట్ట ముందుకు పోతూనే ఉంటుంది కదా. పొద్దున తీసిన షాట్‌లో పిల్లగాడి ముందు ఎర్ర బార్డర్ ఉంది, మధ్యాహ్నం తీసిన షాట్‌లో తెల్ల బట్ట. సినిమాలో ఈ రెండూ ఒక్క నిమిషంలో జరిగినట్టు రావాలి. కోసి అతికించే అమ్మాయి రాత్రి ఇంట్లో చూసి తల పట్టుకుంది. "ఎవరు చూస్తారులే" అని మిగతావాళ్ళు అన్నారట. సోలాపూర్‌లో టవల్ బార్డర్ ఎవరు చూడరు? మన టవల్‌కీ, చద్దర్‌కీ జిఐ గుర్తింపు ఊరికే వచ్చిందా? ఆ అమ్మాయి ఊరుకోలేదు. బట్ట కనపడకుండా ముఖం ఒక్కటే ఉండేట్టు మళ్ళీ తీయించింది. దానివల్ల ఇంకో మేలు జరిగింది. పిల్లగాడి పెదవులు దగ్గరగా కనపడ్డాయి. కానీ ఆ మేలే తర్వాత వాళ్ళ కొంప ముంచబోయింది, అది చెబుతాను.

ముందు నానమ్మ సంగతి. పిల్ల వేషం వేసిన అమ్మాయి ఇంట్లో నానమ్మ ఒప్పుకోలేదు. "ప్రేమ సినిమా అంటున్నవ్, అది అందరి ఫోన్లల్ల తిరుగుతది. రేపు సంబంధం చూడొచ్చినోళ్ళు ఏమంటరు?" అంది. ఆమె భయం ఊరికే కాదు, మన పేటల్లో మాట ఎంత తొందరగా నడుస్తుందో మనకు తెలుసు. పిల్లలు వాదించలేదు. "నువ్వొచ్చి పక్కన కూచో నానమ్మా, నీకు తప్పనిపించింది తీసేస్తం" అన్నారు. ఆమె వచ్చింది. చేటలో తునికాకు, తంబాకు, దారం పెట్టుకుని కూర్చుంది, పని పాడు చేసుకోదు కదా. మొదటి షాట్ చూడగానే, "ఆపుండ్రి. ఆ పిల్ల బీడీలు చుట్టేదానిలెక్క లేదు" అంది. ఎందుకంటే పిల్లగాడిని చూసినప్పుడు అమ్మాయి చెయ్యి ఆపేస్తోంది. "వెయ్యి బీడీల లెక్క అప్పజెప్పాలె. రాజు గుర్రం మీద వచ్చినా తలెత్తి చూస్తం గానీ చెయ్యి ఆగది." తర్వాత ఆమే పక్కన కూర్చుని చేసి చూపించింది. సినిమాలో నానమ్మ వేషం కూడా ఆమెదే అయిపోయింది.

నేను అరుగు మీద విన్న మాటల్లో ఎక్కువసేపు నడిచింది దీని గురించే. ఆ అమ్మాయి చెప్పింది, చెయ్యి ఆగకుండా కళ్ళు మాత్రం లేపితే తనకు సిగ్గు నిజంగానే వచ్చిందట. ముందు చేసినదంతా హీరోయిన్లను చూసి నేర్చుకున్న సిగ్గు అంది.

ఇక పెదవుల సంగతి. సుట్టి దినం సాయంత్రం గల్లీలో తెల్ల చద్దర్ కట్టి, కాలేజీ నుంచి అడిగి తెచ్చిన ప్రొజెక్టర్‌తో మొదటిసారి వేశారు. మా వయసువాళ్ళం ముందు వరసలో కూర్చున్నాం. సాంచాల చప్పుడు నడుస్తోంది, కిటికీ లోంచి పిల్లగాడు ఏదో చెబుతున్నాడు. ఇంకా కరెంటు పోలేదు. మేం ఏడెనిమిది మంది ముసలివాళ్ళం ఒక్కసారి గొల్లుమన్నాం. వెనకాల ఉన్న పిల్లలకు అర్థం కాలేదు. నవ్వు రావలసింది ఇంకా నలభై సెకండ్ల తర్వాత కదా!

సంగతేమిటంటే, కార్ఖానాలో పనిచేసినవాడికి చెవితో పని లేదు. పదిమంది అవతల ఉన్నవాడు ఏమన్నాడో పెదవులు చూసి చెబుతాం. చాయ్ అంటే బొటనవేలు నోటికి. జాబర్ కావాలంటే పానా తిప్పినట్టు మణికట్టు తిప్పడం. మాలక్ వస్తున్నాడంటే మీసం మెలేయడం. ఇవి ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చేవి. వేషం వేసిన పోరడు, ఎట్లాగూ చప్పుడులో వినపడదు కదా అని, నోటికి వచ్చింది అంటూ పోయాడు. ప్రేమగా కళ్ళు పెట్టుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని వాడు అంటున్నది "పావ్ భాజీ, పావ్ భాజీ, రెండు ప్లేటు పావ్ భాజీ" అని.

మేం చెప్పగానే వాడు సిగ్గుతో చద్దర్ వెనక్కి పోయాడు. కోసి అతికించే అమ్మాయి మాత్రం నోటుబుక్కు తీసి రాసుకుంది. ఆ రాత్రి వాళ్ళలో గొడవ. అట్లాగే ఉంచుదాం, ముసలివాళ్ళకు ఒక నవ్వు ఎక్కువ వస్తుంది అని ఇద్దరు. కాదు, వీడు నిజంగా ప్రేమించినట్టు ఉండదు, తర్వాత వచ్చే నవ్వు చెడిపోతుంది అని ఇద్దరు. మూడోనాడు మళ్ళీ తీశారు. ఈసారి వాడు చప్పుడులోనూ అసలు మాటలే అన్నాడు. ఎవరికీ వినపడని మాటలు, చదవగలిగినవాళ్ళకు మాత్రం తెలిసే మాటలు. ఏమన్నాడో ఇక్కడ రాయను, చూసినప్పుడు మీరే చదువుకోండి.

నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలన్నదీ గల్లీలోనే తేలింది. మొదట కరెంటు పోయినాక రెండు సెకండ్లకే నానమ్మ మాట పెట్టారు, జనం సరిగా నవ్వలేదు. సాంచాలు నిజంగా ఆగేటప్పుడు ఒక్కసారి ఆగవు, బస్సు దిగినవాడు నాలుగడుగులు పరిగెత్తినట్టు టక్కు టక్కు అని ఆగుతాయి. ఆ తర్వాత చెవుల్లో ఇంకా మోత ఉంటుంది. నాలుగు సెకండ్లు పెట్టమన్నాం. నాలుగు పెట్టాక గల్లీ గల్లీ నవ్వింది.

కాలేజీలో వేసినప్పుడు మరాఠీ పిల్లలూ నవ్వారట. సంతోషించాలో లేదో వీళ్ళకు తెలియలేదు. ఎందుకంటే మరాఠీలో పాన్ అంటే ఆకు. పిల్లగాడు గొంతు చించుకుని పాన్ కోసం అరుస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు. "నవ్వు నవ్వే కదా" అన్నాడు ఒకడు. "అది మన మాట కాదు, వాళ్ళు నవ్వింది వేరే సినిమాకు" అంది పిల్ల వేషం వేసిన అమ్మాయి. కింద మరాఠీలో అక్షరాలు వేయాలి, కానీ ప్రేమా, ఒంట్లో బాగుండటమూ రెండూ ఒకే మాటలో రావాలి. నలుగురూ ఫోన్లలో వెతికారు, దొరకలేదు. మళ్ళీ నానమ్మే చెప్పింది, బీడీ కార్ఖానాలో నలభై ఏళ్ళు మరాఠీ ఆడవాళ్ళ పక్కన కూర్చున్న మనిషి కదా. "జీవ్ అనుండ్రి. తూ మాఝా జీవ్. నేనేమో, కోణాచ్యా జివాలా బరం నాహీ, అంటా." ఆమె బడి ముఖం చూసినది కాదు. వాళ్ళ సర్ ఆ అక్షరాలు చూసి ఎవరు చేశారని అడిగారట.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకో ముచ్చట. సినిమా పేరు "పానం". ఈ పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదువు మరాఠీలో, ఇంగ్లీషులో. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఫోన్ తెలుగు చేసి ఇస్తుంది. అది "పణం" అని ఇచ్చింది. నలుగురికీ అక్షరాలు గుండ్రంగా, అందంగా కనపడ్డాయి, పెట్టేశారు. పందెం కాసే పణం అది. ముందే చూపించారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అదే పేరుతో కాలేజీకి పోయేది. నేను చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగు బడిలో. పలక తెప్పించి సుద్దతో "పానం" అని రాసి ఇచ్చాను. దాన్నే ఫోటో తీసి సినిమా పేరుగా వేశారు. నా రాత కొంచెం ఎడమకు ఒరుగుతుంది, సరిచేస్తారేమో అనుకున్నాను, చేయలేదు.

కాలేజీకి ఇచ్చిన కాగితంలో, ఈ సినిమా ఎవరి కోసం అన్న ప్రశ్నకు మొదట "15 నుంచి 25 ఏళ్ళవాళ్ళు" అని రాశారట. గల్లీలో వేశాక అది కొట్టేసి, "పెదవులు చదవగలిగినవాళ్ళు, తర్వాత మిగతా అందరు" అని రాశారు. మార్కులు ఎన్ని వచ్చాయని నేను అడగలేదు.

ఇప్పుడు మిగతా సినిమా తీయాలని వాళ్ళకు ఉంది. కథ ముందుకు కదలడం లేదు. రెండో సీన్లోనే పిల్ల ఒప్పుకోవాలని మగపిల్లలు, చివరిదాకా ఒప్పుకోవద్దని ఆడపిల్లలు. పోయిన ఆదివారం మూడు గంటలు అరుగు మీద ఇదే కొట్లాట. నానమ్మ బీడీలు చుడుతూ అంతా విని, "ముందు ఆ పోరనికి సొంత సాంచా ఉన్నదో, కూలికి నేస్తుండో అది రాయుండ్రి. అది తెల్వకుండ మా పిల్ల ఏం చెప్తది?" అంది. అది ఇంతవరకు వాళ్ళు రాయలేదు.