బొమ్మలో స్నేహం, కథలో స్నేహం



"వాళ్ళు మనవాళ్ళు కారు" అనే మాట మనం చిన్నప్పుడే వింటాం. ఒంటి రంగు కావచ్చు, కులం కావచ్చు, ఇంట్లో మాట్లాడే భాష కావచ్చు, ఏదో ఒకటి మనుషుల మధ్య గీత అవుతుంది. ఆ గీతనూ, దాన్ని దాటాలని చూసే స్నేహాన్నీ ఫొటోలు ఎలా చూపిస్తాయి, నవలలు ఎలా చెబుతాయి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇందుకు అమెరికాకు చెందిన ఒక ఫొటోను, ఒక నవలను తీసుకుందాం.

ముందు ఫొటో సంగతి. తెల్లవారి పిల్లలకూ నల్లవారి పిల్లలకూ వేరువేరు ప్రభుత్వ బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రకారం 1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్ నగరంలోని సెంట్రల్ హైస్కూలులో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు చేరవలసి ఉంది. అందరూ కలిసే వెళ్ళాలని ముందురోజు రాత్రి నిర్ణయించారు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే అమ్మాయి ఇంట్లో టెలిఫోను లేదు. కబురు అందలేదు. సెప్టెంబరు 4న పదిహేనేళ్ళ ఆ పిల్ల ఒంటరిగా బడికి బయలుదేరింది. గవర్నరు నిలిపిన సైనికులు ఆమెను లోపలికి పోనివ్వలేదు. తిరిగి వస్తుంటే తెల్లవారి గుంపు వెంటబడింది.

అప్పుడు విల్ కౌంట్స్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మ ప్రపంచమంతా చూసింది. ముందు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం పట్టుకుని నడుస్తున్న ఎలిజబెత్. వెనుక నోరు తెరిచి అరుస్తున్న తెల్లపిల్ల. ఆమె పేరు హేజెల్ బ్రయన్. ఆమెకూ పదిహేనేళ్ళే.

ఫొటో బలం ఇక్కడే ఉంది. వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఒక్క చూపులో చెబుతుంది. కానీ ఆ చట్రం బయట ఏముందో చెప్పదు. ఆ తరువాత బస్‌స్టాపు బల్లమీద కూర్చున్న ఎలిజబెత్‌కు గ్రేస్ లార్చ్ అనే తెల్ల మహిళ తోడు నిలిచి బస్సు ఎక్కించింది. ఆ నెలాఖరుకు కేంద్ర ప్రభుత్వం సైన్యాన్ని దింపితేగాని ఆ తొమ్మిదిమందీ బడిలో కుదురుగా అడుగు పెట్టలేకపోయారు. లోపల ఏడాది పొడుగునా ఎలిజబెత్ పడ్డ తోపులూ, తిట్లూ ఆ బొమ్మలో లేవు.

హేజెల్ కొన్నేళ్ళ తరువాత ఫోన్ చేసి క్షమాపణ అడిగింది. 1997లో, ఆ సంఘటన జరిగి నలభై ఏళ్ళయిన సందర్భంలో, ఇద్దరూ కలుసుకున్నారు. అదే కౌంట్స్, అదే బడి ముందు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. దాన్ని 'సయోధ్య' అనే పేరుతో పోస్టరుగా వేశారు. కొంతకాలం వాళ్ళు నిజంగానే స్నేహితులయ్యారు. కలిసి తిరిగారు, కలిసి సభల్లో మాట్లాడారు. తరువాత ఆ స్నేహం చెదిరిపోయింది. జరిగినదాన్ని హేజెల్ పూర్తిగా ఒప్పుకోవడం లేదని ఎలిజబెత్‌కు అనిపించింది. ఎంత చేసినా తనను నమ్మడం లేదని హేజెల్‌కు బాధ కలిగింది. పోస్టరులో మాత్రం ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

అంటే ద్వేషాన్ని చూపిన ఫొటో ఎంత నిజమో, స్నేహాన్ని చూపిన ఫొటో కూడా అంతే నిజం, అంతే అసంపూర్ణం.

మరి ముందూ వెనుకా చెప్పగలిగినది కథ కదా! అక్కడికి వద్దాం. మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్' నవల అమెరికాలో 1885లో వెలువడింది. బానిసత్వం ఉన్న రోజుల కథ అది. ఇల్లు వదిలిన తెల్లపిల్లవాడు హక్, పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ ఒకే తెప్పమీద మిసిసిపీ నదిలో ప్రయాణం చేస్తారు. ఒకరాత్రి పొగమంచులో విడిపోతారు. హక్ తిరిగివచ్చి, అదంతా నీ కల అని జిమ్‌ను ఆట పట్టిస్తాడు. నీకోసం నేను ఏడిస్తే నువ్వు నన్ను వెర్రివాణ్ణి చేస్తావా అని జిమ్ నొచ్చుకుంటాడు. హక్ కాసేపు తటపటాయించి, చివరకు క్షమాపణ అడుగుతాడు. ఒక బానిసను క్షమాపణ అడగడం అప్పటి లోకంలో ఊహకందని పని. ఆ తటపటాయింపు ఫొటోలో పడదు. కథే దాన్ని చూపగలదు.

అయితే ఈ కథంతా చెప్పేది హక్. జిమ్ మనసు మనకు హక్ ద్వారానే తెలుస్తుంది. చివరి భాగంలో టామ్ సాయర్ అనే కుర్రవాడు, జిమ్‌కు అప్పటికే స్వేచ్ఛ వచ్చిందని తెలిసి కూడా, సరదాకోసం అతన్ని బందీగానే ఉంచుతాడు. పాఠకులకు నవ్వు, జిమ్‌కు నరకం. ఈ లోటు చాలామంది విమర్శకులు ఎత్తిచూపినదే.

2024లో పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత అదే కథను జిమ్ నోట చెప్పించి 'జేమ్స్' అనే నవల రాశారు. 2025లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో బానిసలు తమలో తాము చక్కని ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. తెల్లవాళ్ళు వస్తే మాత్రం నత్తినత్తిగా, తెలివితక్కువగా మాట్లాడతారు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మనకు ఆ సంగతి కొంత అర్థమవుతుంది. అయితే మనకు అది అలవాటు, వాళ్ళకు ప్రాణరక్షణ. ఆ తేడా మరువరాదు. తన యాసను బట్టి తన తెలివిని కొలుస్తున్నారని ఏ పిల్లవాడికైనా అనిపించిందంటే, ఆ గీత మన తరగతిగదిలోకీ వచ్చినట్టే.

కాబట్టి నేను చెప్పదలచింది ఇదే. ఇద్దరు పక్కపక్కన కనబడినంతమాత్రాన గీత చెరిగినట్టు కాదు. ఇద్దరిలో నొచ్చినవాడు తన కథ తానే చెప్పుకోగలిగి, రెండోవాడు అడ్డు తగలకుండా వినగలిగినప్పుడే అది చెరగడం మొదలవుతుంది.

ఈసారి మీ పిల్లలు బడినుంచి గ్రూపు ఫొటో తెచ్చినప్పుడు, మా అబ్బాయి ఎక్కడ అని మాత్రమే వెతకకండి. ఆ చివర విడిగా నిలబడ్డది ఎవరు, ఆ రోజు రానిది ఎవరు అని పిల్లలను అడగండి. వాళ్ళు చెప్పే జవాబులో మీ ఊరి కథ ఎంతో కొంత వినబడుతుంది.