బయానా ఇచ్చే ముందు ఆ జాగా పుట్టుక చూడండి

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డులో, నల్లగొండ దాటి మిర్యాలగూడ వైపు వస్తుంటే మాడుగులపల్లి తగులుతుంది. 2016 పునర్విభజనలో కొత్త మండలమైంది. ఊరి దగ్గరే టోల్‌గేటు. రాత్రింబవళ్లు లారీలు, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు. ఇలాంటి చోట రోడ్డు పక్క జాగాకు రేటు పెరగడంలో వింతేమీ లేదు. సూర్యాపేట, కోదాడల్లో విజయవాడ హైవే వెంట ఇదే కథ ముందే నడిచింది. అక్కడ మడిగెలు కట్టిన చేతులు ఏ వాడవో మనకు తెలుసు. ఆ మడిగెల కిరాయి ఏ వాడకు పోతుందో కూడా తెలుసు.

ఇప్పుడు చదువుకున్న పిల్లలు, చిన్న ఉద్యోగులు, కాంట్రాక్టు పనులు చేసే మనవాళ్లు నాలుగు పైసలు కూడబెట్టి రోడ్డు మీద రెండు గుంటలైనా కొనాలని చూస్తున్నారు. మంచిదే. కానీ మొదటి తరం సొమ్ము ఒక్కసారి ఇరుక్కుంటే రెండోసారి లేవడం కష్టం. తాత భూమి, మామ డబ్బు వెనక నిలబడే కులాలకు ఉన్న వెసులుబాటు మనకు లేదు.

రోడ్డు పక్కనే ఉండి, చుట్టుపక్కల రేటు కన్నా బాగా తక్కువకు వస్తోందంటే ముందు అడగాల్సింది ఒక్కటే: ఇది పట్టా భూమా, అసైన్డ్ భూమా? మన దగ్గర దీన్నే లావణి పట్టా అంటారు. భూమిలేని పేదలకు, అందులో ఎక్కువగా దళితులకు, ప్రభుత్వం ఇచ్చిన భూమి ఇది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (9/77) ప్రకారం దీన్ని అమ్మడం చెల్లదు, కొన్నవాళ్లకు హక్కు రాదు. బ్రోకర్లు ‘నోటరీ చేద్దాం, జీపీఏ రాయిద్దాం, 99 ఏళ్ల లీజు తీసుకోండి’ అంటారు. ఆ చట్టం లెక్కలో లీజు కూడా బదిలీయే. అధికారులు కొన్నవారిని ఖాళీ చేయించి, భూమిని అసలు అసైనీకి గానీ అతని వారసులకు గానీ తిరిగి ఇవ్వొచ్చు, లేదంటే సర్కారే వెనక్కి తీసుకోవచ్చు. కొన్న మనిషికి ఆరు నెలల దాకా జైలు పడే వీలూ ఉంది.

కోదాడ సరిహద్దు ఊళ్లు కాబట్టి ఇంకో మాట కూడా తిరుగుతుంటుంది, ‘20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చట’ అని. అది ఆంధ్రప్రదేశ్ 2023లో తన చట్టానికి చేసుకున్న సవరణ. తెలంగాణ భూమికి అది వర్తించదు.

చట్టం సంగతి అటుంచితే, ఆ భూమి అవతల ఎవరి చేతిలోంచి జారిపోయిందో కూడా చూడాలి. పెళ్లికో ఆసుపత్రికో అప్పు చేసి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేసిన మాదిగ, మాల కుటుంబమే అయ్యుండొచ్చు. దళితుడి పేరున ఉన్న భూమిని ఇంకో దళితుడు దళారీ చేతి నుంచి కొని మడిగెలు కట్టుకుంటే దాన్ని ఎదుగుదల అనలేం. చట్టం పుణ్యమా అని వెనక్కి రావాల్సిన భూమికి మనమే అడ్డుపడినట్టు అవుతుంది.

అందుకే బయానా చేతిలో పెట్టకముందే సర్వే నంబర్ పట్టుకుని తిరగండి. భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున మొదలైంది. అందులో ఆ నంబర్ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. అంతటితో ఆగొద్దు. తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ నకళ్లు తీయించండి. పాత కాగితంలో సర్కారీ, లావణి, ఇనాం, భూదాన్, వక్ఫ్ అన్న మాట కనబడితే అక్కడే ఆగి వకీలును కలవండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ తీసుకుంటే జాగా మీద తాకట్టు ఉందా, ఇదివరకే ఎవరికైనా అమ్మారా అన్నది తెలుస్తుంది. పొలం అయితే నాలా మార్పిడి జరిగిందా? రోడ్డు వెడల్పులో మీ జాగా ఎంత పోతుంది? రెండోదానికి రోడ్లు, భవనాల శాఖ ఆఫీసులో జవాబు దొరుకుతుంది. పంచాయతీ అనుమతి సరిపోతుందా, డీటీసీపీ దాకా పోవాలా అన్నది కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి.

అప్పు గురించి ఒక మాట. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు రుణం అంది. 2025-26 కేంద్ర బడ్జెట్ మొదటిసారి వ్యాపారం పెట్టేవారికి 2 కోట్ల దాకా రుణమిచ్చే పథకం ప్రకటించింది. ఇవి వ్యాపారం పెట్టడానికే. జాగా కొని రేటు కోసం కూర్చోవడానికి కాదు. కాబట్టి మేనేజర్ ముందుకు ప్లాట్ ఫొటోతో కాకుండా వ్యాపారం లెక్కతో పోవాలి.

ఇక కట్టడం. పర్యావరణానికి మేలు చేసే భవనం అనగానే హైదరాబాద్‌లోని అద్దాల మేడలు, ప్లాటినం రేటింగులు గుర్తొస్తాయి. నల్లగొండ ఎండకు అద్దం అస్సలు పనికిరాదు. మనకు కావాల్సింది కరెంటు బిల్లు తక్కువ వచ్చే, కిరాయిదారు మే నెలలో పారిపోని మడిగె. పడమటి గోడకు నీడ, ముందు లోతైన వరండా, పైకప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పూత చాలు, లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వాణిజ్య భవనాలకు దీన్ని తప్పనిసరి అంటోంది.

ఇటుక విషయంలో మనకు వేరే లెక్క కూడా ఉంది. మట్టి ఇటుకకు పొలం పైమట్టి పోతుంది. ఆ బట్టీల్లో అడ్వాన్సు అప్పుకు కట్టుబడి పనిచేసేది ఒడిశా నుంచి వచ్చిన దళిత, ఆదివాసీ కుటుంబాలు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉండగా ఫ్లైయాష్ ఇటుక అడగడంలో అర్థముంది. మిల్లుల ఊక బూడిదలో సిలికా మెండు, సరిగ్గా కాల్చి మెత్తగా నూరితే సిమెంటులో కొంత భాగానికి బదులు వాడొచ్చు. అయితే మిల్లు బాయిలర్ నుంచి వచ్చిన బూడిదను పరీక్ష లేకుండా నేరుగా స్లాబులో కలిపే మేస్త్రీ మాట వినొద్దు.

నీళ్లు కూడా లెక్కేసుకోండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 700 మి.మీ. వాన పడితే 70 వేల లీటర్లు. కొంత పోయినా 50 వేలకు పైగా పట్టొచ్చు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటే ఊళ్లున్న జిల్లాలో హోటల్ పెట్టే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఏ రేటింగూ పెద్దగా పట్టించుకోనిది మరుగుదొడ్డి. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2023లో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలంది. అయినా చాలా మడిగెల్లో ట్యాంకును వెనక సందులో, గోడకు ఆనించి కడతారు. బండి పోదు, పైపు అందదు, చివరికి మనిషిని పిలుస్తారు. ఏ కులం మనిషినో చెప్పక్కర్లేదు. చిన్న కట్టడానికైతే రెండు గుంతల మరుగుదొడ్డి నయం. ఒకటి నిండితే మూసి రెండోది వాడతారు, మొదటిది ఎరువవుతుంది. కాలువ నీటి ఆయకట్టులో నీళ్లు పైకే ఉండే చోట అది పనిచేయదు. అక్కడ ట్యాంకే కట్టాలి, కానీ మేస్త్రీ ముగ్గు పోసే రోజే దాన్ని రోడ్డు వైపు, ట్యాంకర్ పైపు అందే దూరంలో, పెద్ద మూతలతో పెట్టించండి.