నడకకు తోడు

హైదరాబాదులో తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిభవనము ముందు, ఉదయమున జనులు జట్లు కట్టి నడచుచుందురు. వీరిలో విద్యార్థులే కాక చుట్టుపట్ల కాపురస్థులును గలరు.

"పొలమున తిరుగు మాకు వేరే నడకయేల?" యను మాటను మేము గ్రామములలో తరచు వినుచున్నాము. నాగలి వెంట నడచినన్నాళ్లు ఆ మాట చెల్లెను. నేడు దుక్కి ట్రాక్టరుది, పొలమునకు పోకడ మోటారుసైకిలుపై. అన్నపు ముద్ద మాత్రము తాతలనాటిదే! పొట్టయు మధుమేహమును పల్లె చేరుటలో వింత యేమి?

పెద్దలకు వారమునకు 150 నిమిషములైనను ఓమోస్తరు శ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా అయిదు దినములు అరగంట చొప్పున వడినడక. మాటలాడగలిగియు పాడలేనంత వడి చాలును. బరువు తగ్గుటకు నడక యొక్కటియే చాలదు. తార్నాకలోనే యున్న జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి సూచనలలో, ఆహారమువలన కలుగు శక్తిలో ధాన్యముల పాలు 45 శాతము మించరాదన్నది. కావున అన్నము తగ్గించి పప్పు, కూరలు హెచ్చింపవలెను.

ఒంటరి నడక నాలుగునాళ్ల ముచ్చట. జట్టులో నొకడు మానినచో తక్కినవారు తలుపు తట్టుదురు. సంఘపు అప్పులలో పరస్పర జామీను చేయు పనియే యిది. సభ్యులు అయిదారుగురు కూడి చెరువుకట్ట వరకు పోయివచ్చిన చాలును. స్త్రీలును వేరుగా జట్టు కట్టవచ్చును. మధుమేహము గలవారు ముందు వైద్యు నడిగి, చెప్పులు తొడిగియే నడువవలెను.