రేడియో వాల్వులు: పేర్లు, పోలికలు, ఒక పట్టిక

మన పెద్దల ఇళ్లలో బల్లమీద కుట్టుపని గుడ్డ కప్పుకొని కూర్చున్న రేడియోను ఎరిగినవారు మస్కట్ తెలుగు కుటుంబాలలో ఇంకా కొందరున్నారు. మీట తిప్పగానే అది పలికేది కాదు. ముందు లోపల ఎర్రని వెలుగు కనిపించేది. అరనిమిషం గడిస్తే గాని విజయవాడ కేంద్రం వినిపించేది కాదు. ఆ ఆలస్యానికి కారణమైన గాజు గొట్టాలే రేడియో వాల్వులు. శాస్త్ర పరిభాషలో వీటిని శూన్యనాళికలంటారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యేనాటికి ట్రాన్సిస్టరు పుట్టి ఒక్క ఏడాదే అయింది. కనుక నాడు ప్రసారం చేసినవీ, ఇంట్లో వినిపించినవీ వాల్వులే. మనముంటున్న ఒమాన్‌కూ వీటితో సంబంధమున్నది. మసీరా ద్వీపంలో 1969 నుండి 2002 వరకు పనిచేసిన బి.బి.సి. రిలే కేంద్రం భారతదేశం దాకా వినిపించింది. అక్కడి ట్రాన్స్‌మిటర్లకు అంతటి శక్తినిచ్చినవి మనిషంత బరువైన పెద్దన్నలే అయినా, ఇదే కుటుంబానికి చెందిన వాల్వులు.

బౌషర్ విలాయతులో, ఘుబ్రాలోని మా ఇంట ఒక చెక్క అల్మరాలో చిన్న వాల్వులు నూట పన్నెండు ఉన్నవి. కొన్ని హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్నవి. కొన్ని బంధువుల అటకల మీదివి. మరికొన్ని ఇక్కడినుండి స్వదేశాలకు తిరిగి వెళ్లినవారు ఇచ్చిపోయినవి. వీటిని పోగుచేయడం కష్టం కాదు. ఏది ఏదో తెలియడమే కష్టం. పట్టిక వ్రాయగా తేలినదేమిటంటే, గాజుమీదా అట్టపెట్టెలమీదా అరవై పైచిలుకు పేర్లున్నా, వాస్తవంలో రకాలు నలభై ఒకటే.

పేర్ల సంగతికి ముందు పనిచేసే తీరు క్లుప్తంగా చెప్పుకోవాలి. గాలి తీసివేసిన గొట్టంలో కాథోడు అనే సన్నని నికెలు గొట్టం ఉంటుంది. దానిపై బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత ఉంటుంది. లోపలి హీటరు దానిని సుమారు 750 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడి చేయగా పూతనుండి ఎలక్ట్రానులు వెలువడి, ధనవిద్యుత్తు ఉన్న ఆనోడు వైపు పరుగెడతాయి. ఈ రెంటి నడుమ తీగె అల్లిక ఒకటి ఉంటుంది. అదే గ్రిడ్డు. కాలువ తూములో తలుపు కొద్దిగా కదిలితే నీటి ప్రవాహం ఎంతగానో మారినట్లు, గ్రిడ్డుమీద స్వల్పమైన మార్పు ఆనోడు ప్రవాహాన్ని ఎక్కువగా మారుస్తుంది. ఫ్లెమింగు 1904లో రెండు ధ్రువాలతో చేసిన వాల్వుకు ఈ గ్రిడ్డును చేర్చినవాడు అమెరికాకు చెందిన లీ డి ఫారెస్టు.

ఇక పేర్లు. ఐరోపా పద్ధతిలో పేరే జాతకం. ఇ.సి.సి. 83 అన్నప్పుడు మొదటి ‘ఇ’ హీటరుకు 6.3 వోల్టులు కావాలని చెబుతుంది. తరువాతి ‘సి’ అంటే ట్రయోడు. రెండు ‘సి’లు ఉన్నవి కనుక ఒకే గాజులో రెండు ట్రయోడులు. ‘ఎల్’ అంటే స్పీకరును నడిపే పెంటోడు, ‘జెడ్’ అంటే ఎ.సి.ని డి.సి.గా మార్చేది, ‘ఎం’ అంటే స్టేషను సరిగా కుదిరిందో లేదో చూపే ఆకుపచ్చ కన్ను. అంకెల్లో మొదటి 8 తొమ్మిది పిన్నుల సాకెట్టును సూచిస్తుంది. అమెరికావారి పేరు వేరు: అదే వాల్వు అక్కడ 12 ఎ.ఎక్స్. 7. మొదటి 12 హీటరు వోల్టేజి, చివరి 7 లోపలి భాగాల సంఖ్య: రెండేసి కాథోడులు, గ్రిడ్డులు, ఆనోడులు, ఒక హీటరు. ఒకరు 6.3 అని, మరొకరు 12.6 అని చెప్పడంలో వైరుధ్యం లేదు. హీటరుకు నడుమ ఒక కొస ఉన్నందున రెండు విధాలా కలపవచ్చు. ఇట్లే ఇ.ఎల్. 84, 6 బి.క్యూ. 5 ఒకటే, ఇ.ఎం. 84, 6 ఎఫ్.జి. 6 ఒకటే.

ఒకటే అనే మాటను మాత్రం జాగ్రత్తగా వాడాలి. సోవియట్ 6 ఎన్ 2 పి వాల్వును ఇ.సి.సి. 83కు బదులుగా చాలమంది చెబుతారు. గుణాలు దాదాపు సరిపోతాయి, కాని దాని హీటరు 4, 5 పిన్నుల మధ్య 6.3 వోల్టులది. పన్నెండు వోల్టులకు కలిపిన సాకెట్టులో దానిని పెడితే హీటరుకు రెట్టింపు వోల్టేజి అందుతుంది. నా పట్టికలో అటువంటివాటికి ఎర్ర సిరాతో గీత ఉన్నది.

బయటి అచ్చును నమ్మలేము. కంపెనీలు ఒకరి సరుకును మరొకరి పేరుతో అమ్మడం ఆ రోజులలో మామూలే. పైగా ఇక్కడి ఉక్కలో చెమట వేలు తగిలితే ఆ అచ్చు చెరిగిపోతుంది. ఫిలిప్సు కుటుంబపు వాల్వులలో మాత్రం గాజు అడుగుభాగాన బూడిదరంగులో రెండు చిన్న పంక్తులుంటాయి. నోటి ఆవిరి పట్టించి, వాలుగా వెలుతురు వేస్తే చదవవచ్చు. పై పంక్తి రకాన్ని చెబుతుంది: ‘ఆర్.ఎక్స్.’ అయితే ఇ.ఎల్. 84. కింది పంక్తి కర్మాగారాన్నీ కాలాన్నీ చెబుతుంది: ‘బి 7 కె 4’ అంటే ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారం, 7తో ముగిసే సంవత్సరం, నవంబరు, నాలుగవ వారం. అది 1967 కావచ్చు, 1977 కావచ్చు. లోపలి కట్టుబడి చూసి నిర్ణయించుకోవాలి. నిర్ణయించలేనిచోట గడిని ఖాళీగా వదలడమే మంచిది.

పోలిక అంటే కొలత. ఇ.సి.సి. 81, 82, 83 వాల్వులను పక్కపక్కన పెడితే కవలల వలె ఉంటాయి. పిన్నుల అమరిక కూడ ఒకటే. గ్రిడ్డుమీద ఒక వోల్టు మారితే ఆనోడు ప్రవాహం ఎన్ని మిల్లీఆంపియర్లు మారుతుందో అది పరస్పర వాహకత. 83కు ఇది 1.6, 82కు 2.2, 81కు 5.5. దీనిని కిలోఓములలోని అంతర్నిరోధంతో గుణిస్తే ప్రవర్ధన గుణకం వస్తుంది. 83 అంతర్నిరోధం 62.5 కనుక గుణకం 100, 82కు 7.7 కనుక సుమారు 17 మాత్రమే. పదో తరగతి పిల్లలు కాగితంమీద చేసి చూడదగిన లెక్క ఇది. నేను ప్రతి వాల్వునూ ఒకే వోల్టేజిలో, ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి కొలిచి, తేదీతో వ్రాస్తాను. షరతులు వ్రాయని కొలతను మరొక కొలతతో పోల్చలేము.

సేకరించేవారు జర్మన్, ఇంగ్లీషు పేర్లకోసం వెంపర్లాడతారు. నా పట్టికలో ఎక్కువ భాగం బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వి. 1954లో ఏర్పడిన ఆ సంస్థ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ ప్రారంభించింది. మన ఇళ్లలో పాడినవి చాలవరకు ఇవే. నావద్దనున్న ఆ సంస్థ ఇ.ఎల్. 84లు ఇంగ్లీషువాటి పక్కన కొలతలో తీసిపోలేదు. ధరలోని తేడా పేరువల్ల వచ్చినదే ఎక్కువ అని నా అభిప్రాయం.

కొలత విలువ తెలిసిన సందర్భం ఒకటి చెబుతాను. బౌషర్‌లోనే ఉండే ఒక మిత్రులు గుంటూరు జిల్లాలోని పాత ఇల్లు అమ్మినప్పుడు తండ్రిగారి రేడియోను విమానంలో తెచ్చుకున్నారు. ఆన్ చేస్తే మాట గరగరలాడి, చివరి వాల్వు విపరీతంగా కాలిపోతున్నది. వాల్వు పోయిందని, కొత్తది పెట్టమని అడిగారు. దానిమీద అచ్చు లేదు, అడుగున ‘ఆర్.ఎక్స్.’ ఉన్నది. విడిగా కొలిస్తే పరస్పర వాహకత 9; కొత్తదానికి 11.3 ఉండాలి. అంటే వయసు మీరినా ఆరోగ్యంగానే ఉన్నది! దోషం గ్రిడ్డుకు ముందున్న కాగితపు కెపాసిటరుది. అది కారడంవల్ల గ్రిడ్డుమీదికి ధనవిద్యుత్తు చేరి వాల్వు మితిమీరిన ప్రవాహాన్ని లాగుతున్నది. కొత్త వాల్వు పెట్టి ఉంటే అదీ కొద్దిరోజులలో చెడేది. కొద్ది పైసల కెపాసిటరు మార్చాము. ఆయన తండ్రిగారు పెట్టించిన వాల్వే నేటికీ అందులో పలుకుతున్నది.

భద్రపరచడంలో ఇక్కడి వాతావరణాన్ని గమనించాలి. తేమ గాజును దాటి లోపలికి పోదు; పిన్నులను, కాగితపు పట్టీలను పాడుచేస్తుంది. ఏ.సి. గదిలో చల్లబడినదానిని బయటికి తెస్తే నీరు పడుతుంది కనుక మూతపెట్టెలో సిలికా జెల్‌తో ఉంచడం మేలు. నంబరు పెట్టెమీద పెన్సిలుతో వ్రాయాలి, గాజుమీద కాదు. గాజు లోపలి పైభాగాన అద్దంవలె మెరిసే బేరియం పూత పాలవలె తెల్లబడితే గాలి చొరబడిందని అర్థం; దానిని కొలవనక్కరలేదు.

ఈ సెలవులకు ఊరు వెళ్లి అటకమీద పాత రేడియో చూసినవారు దానిని వెంటనే ప్లగ్గులో పెట్టవద్దు. పేర్లు ‘యు’తో మొదలయ్యే వాల్వులున్న సెట్లలో ఇనుప చట్రమే కరెంటు తీగెకు కలిసి ఉంటుంది, తాకితే ప్రాణాపాయం. వాల్వులను ఊడదీయక ముందే వెనుక అట్టను చూడండి. ఏ స్థానంలో ఏ వాల్వు ఉండాలో దాని లోపలి వైపున తరచు అచ్చువేసి ఉంటుంది. ముందుగా దాని ఫొటో తీసుకోండి.