“మా వాడు అలాంటివాడు కాదమ్మా”

పదో తరగతి పరీక్షలు ముగిసిన సాయంత్రం ఒకే మోటారు సైకిల్ మీద వెళ్ళిన ముగ్గురు పిల్లలు పడిపోయి మా క్యాజువాలిటీకి వచ్చారు. బండి నడిపినవాడికి కాలు విరిగింది. “మా వాడు అలాంటివాడు కాదమ్మా, ఇంట్లో నోరెత్తి మాట్లాడనే మాట్లాడడు” అని వాడి తల్లి మా సిస్టర్ల చేతులు పట్టుకుని ఏడ్చింది. ఈ మాట మేము ఎన్నోసార్లు విన్నాము. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇంట్లో వాడు నిజంగా అలాంటివాడు కాదు.

10 నుండి 19 సంవత్సరాల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారదశగా లెక్కిస్తుంది. ఈ వయస్సులో పక్కన స్నేహితుడుంటే బుద్ధి వేరుగా పనిచేస్తుంది. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 306 మంది చేత కంప్యూటరుపై కారు నడిపే ఆట ఆడించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. 13–16 ఏళ్ళవారు ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు చూస్తుండగా చాలా ఎక్కువగా తెగించారు. 24 ఏళ్ళు దాటినవారిలో ఈ తేడా దాదాపు లేదు.

స్వభావమూ చూడాలి. దూకుడు పిల్లవాడి మీద ఇంటిల్లిపాదీ కన్నేసి ఉంచుతారు. బిడియస్థుడి గురించి ఎవరికీ దిగులుండదు. కాని మేము చూసినంతలో, “వద్దు” అంటే ఉన్న ఇద్దరు స్నేహితులూ పోతారేమోనని లోలోపల భయపడేది వాడే.

“ఇక ఆ వెధవలతో తిరిగితే ఊరుకోను” అన్నాడు తండ్రి. ఆయన కోపం న్యాయమే. అయితే ఆ ఇద్దరిలో ఒకడు చేతికి కట్టుతోనే రోజూ సాయంత్రం వార్డుకు వచ్చి కూర్చునేవాడు. మాత్ర మింగనని మొరాయించినవాడు ఇతడు చెబితే మింగేవాడు. వాకర్ పట్టుకుని మొదటి అడుగు వేసిందీ ఇతడి మాట మీదనే. (మా ఫిజియోథెరపిస్టు గారు మన్నించాలి!)

అందుకే తండ్రితో మేము ఇలా చెప్పాము: పిల్లల స్నేహితులను ఇంటికి పిలవండి, అన్నం పెట్టండి. “మా నాన్న తాళం ఇవ్వడు” అని మీవాడు చెప్పుకోనివ్వండి, పిరికివాడికి ఆ సాకు చాలా అవసరం. మైనరు బండి నడిపితే 2019 సవరణ చట్టం ప్రకారం పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, 3 సంవత్సరాల వరకు జైలు కూడా ఉన్నాయి. పిల్లలు ఉన్నట్టుండి స్నేహితులందరినీ వదిలి, తిండీ నిద్రా మానుకుంటే మాత్రం తిట్టకండి, డాక్టరుకు చూపించండి. 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

డిశ్చార్జి రోజున ప్రార్థన అయ్యాక తండ్రి ఆ స్నేహితుణ్ణి కూడా ఆటోలో ఎక్కించుకున్నాడు. బండి తాళం ఎవరి దగ్గరుందని అడిగాము. జేబు తట్టి చూపించాడు.