లెక్కలను విడదీసి చూచుట

మాగాణిని, మెట్టను కలిపి ఎకరమునకు సగటు దిగుబడి ఇంత యని చెప్పినచో, ఏ పొలము సంగతియు రైతునకు తెలియదు. లెక్క తప్పు కాదు. కాని కలుపరాని వానిని కలిపినది. అందుచేతనే గణాంకశాస్త్రజ్ఞులు తమ చేతికి వచ్చిన సమాచారమును తగిన వర్గములుగా విడదీసి చూడనిదే తీర్పు చెప్పరు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి శ్రోతలకు మనవి చేయుదుము.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి బర్క్‌లీ విశ్వవిద్యాలయమున, 1973వ సంవత్సరములో పై చదువులకు దరఖాస్తు చేసిన పురుషులలో నూటికి 44 మందికి, స్త్రీలలో నూటికి 35 మందికి ప్రవేశము లభించినది. స్త్రీలకు అన్యాయము జరిగినదేమో యను అనుమానము కలుగుట సహజము. బికెల్, హేమెల్, ఓకానెల్ అను ముగ్గురు ఆ లెక్కలను పరిశీలించి, 1975లో 'సైన్స్' పత్రికలో తమ వ్యాసమును ప్రకటించిరి.

విద్యార్థులను ఎన్నుకొనునది ఏ శాఖకు ఆ శాఖయే. కావున వారు లెక్కలను శాఖలవారీగా విడదీసిరి. ఆరు పెద్ద శాఖలను మాత్రము చూతము. వానిలో నాలుగింట స్త్రీలకే ఎక్కువ పాలు ప్రవేశము దొరికినది. మొదటి శాఖలో పురుషులకు నూటికి 62, స్త్రీలకు 82. తక్కిన రెండింట పురుషులది స్వల్పమైన ఆధిక్యము. మరి మొత్తములో స్త్రీలు వెనుకబడుటకు కారణమేమి? సులభముగా చోటు దొరకు రెండు శాఖలకు పురుషులు 2691 మందిలో 1385 మంది పోగా, స్త్రీలు 1835 మందిలో 133 మందియే పోయిరి. తక్కిన స్త్రీలందరును పోటీ తీవ్రముగా నున్న శాఖల ద్వారములకడ నిలిచిరి.

ఇట్టి విభజనను నేడు కంప్యూటరు క్షణములో చేయును. 'ఎస్.పి.ఎస్.ఎస్.' అను సాఫ్ట్‌వేరులో దీనికి 'స్ప్లిట్ ఫైల్' అను ఆజ్ఞ గలదు. ఒకసారి ఇచ్చినచో, రద్దు చేయువరకు ప్రతి లెక్కయు వర్గముల వారీగానే వచ్చును. ఇది మరచినవారు తికమక పడుదురు. ఉచితముగా లభించు 'ఆర్' అను సాఫ్ట్‌వేరులో 'స్ప్లిట్' అను ఆజ్ఞ ఈ పని చేయును. పద్ధతి ఎక్కడనైనను ఒక్కటే: విడదీయుట, ఒక్కొక్క భాగమును లెక్కించుట, ఫలితములను ఒకచోట కూర్చుట. పైని చెప్పిన ఆరు శాఖల లెక్కలును 'ఆర్'లో పొందుపరచబడియే యున్నవి. ఆసక్తి గలవారు స్వయముగా సరిచూచుకొనవచ్చును.

అయితే రెండు హెచ్చరికలు. విడదీసినకొలది వర్గములు చిన్నవగును. పై లెక్కలో రెండవ శాఖకు దరఖాస్తు చేసిన స్త్రీలు 25 మందియే. అంత కొద్దిమందిలో ఒకరిద్దరు అటునిటైనను శాతము మారిపోవును. ఇక రెండవది: దేనినిబట్టి విడదీయవలెనో యంత్రము చెప్పజాలదు. శాఖయా, వయస్సా, ఊరా అన్నది వ్యవహారము నెరిగిన మనుష్యుడే నిర్ణయింపవలెను. స్త్రీలు ఆ శాఖలనే ఏల కోరిరన్న ప్రశ్నకు కూడ విభజన సమాధానము చెప్పదు. దానికి చిన్ననాటి నుండి వారికి లభించిన చదువును, ప్రోత్సాహమును విచారింపవలసి యుండును.

కావున పత్రికలో గాని, సభలో గాని ఎవరైన ఒక్క శాతము చూపి తీర్పు చెప్పినపుడు, "ఇందులో ఎవరెవరిని కలిపితిరి?" అని మనము అడుగవలెను.